కాగితం తాత

తొమ్మిదో తరగతి మొదలైన మూడో వారంలో లోర్నా వాంగ్, డ్వేన్ హ్రిట్సుక్‌ని అట్లాసుతో నెత్తిమీద కొట్టింది. ప్రపంచంలోని దేశాలన్నీ ఒకే అట్టలో ఉన్న పుస్తకం కావడం వల్ల దెబ్బ గట్టిగానే తగిలింది. కారణం మాత్రం పాతదే. టీచరు హాజరు పిలుస్తూ "వాంగ్" అనేసరికి వెనక బల్ల మీంచి డ్వేన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఫోనెత్తినట్టు గొంతు మార్చి, "సారీ అండీ, రాంగ్ నంబర్" అన్నాడు. ఒకటో తరగతి నుంచీ వాడు ఆ మాట అంటూనే ఉన్నాడు, క్లాసు నవ్వుతూనే ఉంది. ఆ రోజు మాత్రం లోర్నా చేతికి అట్లాసు అందుబాటులో ఉంది.

హెడ్మాస్టరు సన్‌రైజ్ కఫేకి ఫోన్ చేశాడు. కెనడా మైదానాల్లోని టార్బెట్ అనే ఆ చిన్న ఊళ్ళో ఉన్న హోటలు అదొక్కటే, నడిపేది వాంగ్ కుటుంబం. ఫోన్ తీసింది తాత. అయిదు నిమిషాల్లో వీధి దాటుకుని వచ్చేశాడు. నడుముకి కోడి రక్తం మరకల గుడ్డ, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు, చేతిలో కోడిని కొట్టే కత్తి. అది కింద పెట్టడం మరిచిపోయాడంతే. హెడ్మాస్టరు లేచి నిలబడి కుర్చీని తనకూ ఆయనకూ మధ్యకి జరుపుకున్నాడు.

"ఎందుక్కొట్టావే?" అని తాత తమ చైనా భాషలో అడిగాడు.

"పేరుని వెక్కిరించాడు."

"ఏ పేరుని? ఆ లోర్నానా?"

"కాదు. వాంగ్‌ని."

 తాత హెడ్మాస్టరు వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "మంచి పిల్ల. చాలా మంచి పిల్ల. ఇంక కొట్టదు. ఇవాళ్టికి చాలు" అన్నాడు. కత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో ఆయన చెయ్యి ఊపి, మనవరాలిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. బడి కిటికీలన్నిటికీ మొహాలు అతుక్కుని ఉన్నాయి. భూమి తనను మింగేస్తే బాగుండునని లోర్నాకి అనిపించింది. ఇంటికెళ్ళాక ముసలాయన ఆమె ముందు రెండు గుడ్డు బిళ్ళలు పెట్టాడు. అవి ఎవరి పుట్టినరోజుకో తప్ప చేయని పిండివంట. తిడతాడనుకుంటే ఈ మర్యాదేమిటో ఆమెకి బోధపడలేదు.

సిగ్గుపడటం లోర్నాకి కొత్త కాదు. బట్టలు ఆరేసే తీగ మీద ఆమె బడి గౌనుకి పక్కనే ఉప్పుచేప వేలాడేది. వాళ్ళమ్మ కాచే నల్లటి కషాయం వాసన ఆమె కోటుకి పట్టి, బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. వీటన్నిటినీ మించి సాయంత్రం నాలుగింటి గండం ఒకటుంది. ఆమె వీధి మలుపులో కనబడగానే తాత కఫే గుమ్మంలో నిలబడి, ఇంట్లో పిలిచే పేరుతో, "యుక్‌సిమ్! తిన్నావా?" అని అరిచేవాడు. ఆ అరుపుకి రైలు పట్టాల పక్కనున్న గోధుమ గోదాము మీది పావురాలు లేచేవి. ఊళ్ళో సగంమంది ఆమె తిన్నదో లేదో తెలుసుకోవడానికి ఆగేవారు.

అందుకే ఆమె ఓ నిర్ణయానికి వచ్చేసింది. పెద్దయ్యాక స్మిత్ అనే ఇంటిపేరున్న మనిషిని పెళ్ళి చేసుకుని ఈ గొడవంతా వదిలించుకోవాలి. చిక్కేమిటంటే, టార్బెట్‌లో ఉన్న ఒకే ఒక్క స్మిత్ పోస్టుమాస్టరు. ఆయనకి అరవై రెండేళ్ళు.

అయినా బయటివాళ్ళు ఆ పేరు మీద ఒక్క మాటంటే ఆమె ఊరుకునేది కాదు. దాన్ని తిట్టుకునే హక్కు తనొక్కదానిదే.

అక్టోబరులో హాంగ్‌కాంగ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అది చదివినప్పటి నుంచి వాళ్ళ నాన్న మనిషి మనిషిలా లేడు. సూప్ అడిగిన రైతుకి యాపిల్ పై ఇచ్చాడు. పై అడిగినామెకి బిల్లిచ్చి పంపించేశాడు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి గుమ్మానికున్న పలకని "మూసి ఉంది" వైపుకి తిప్పాడు. అంతకుముందు కఫే మూసింది ఒక్కసారే, లోర్నా పుట్టిన రోజు. అదీ ఒక పూటే.

నాన్న ఆమెని నాలుగో నంబరు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అమ్మ టీ తెచ్చి పక్కన కూర్చుంది. తాత మాత్రం వంటింట్లోనే ఉన్నాడు. బంగాళాదుంపలు ఒక్కొక్కటే బకెట్లో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా అమ్మ ఉత్తరం రాసింది. ఒంటరిగా ఉందట. ఇక్కడికి తెచ్చుకుందామనుకుంటున్నా" అన్నాడు నాన్న.

లోర్నా గల్లాపెట్టె పైనున్న నానమ్మ ఫోటో వైపు చూసింది. ఏటా కొత్త సంవత్సరానికి ఆ ఫోటోకి అగరుబత్తీ వెలిగించేది తనే. "మీ అమ్మ ఎప్పుడో పోయింది కదా?"

"ఆవిడ హొయ్‌సాంగ్ వాళ్ళమ్మ."

"హొయ్‌సాంగ్ అంటే నువ్వే కదా?"

నాన్న టీ కప్పులోకి చూశాడు. "కాదు" అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. తాతకి చైనాలో, సొంత ఊళ్ళో ఒక కొడుకుండేవాడు, వాంగ్ హొయ్‌సాంగ్. ఆ పిల్లాడి పేరు తాత కెనడా ప్రభుత్వం దగ్గర రాయించి ఉంచాడు, ఏదో ఒక రోజు పిలిపించుకుందామని. యుద్ధం రోజుల్లో జ్వరమొచ్చి, పదమూడేళ్ళకే ఆ పిల్లాడు పోయాడు. కాగితం మిగిలింది. పక్క ఊళ్ళో ఒక విధవరాలికి సరిగ్గా అదే ఈడు కొడుకున్నాడు. ఇక్కడికి రావాలంటే ఇక్కడ తండ్రో తాతో ఉండాలి, వాడికి ఎవరూ లేరు. మనుషుల ద్వారా కబురు వచ్చింది. తాత ఆ కాగితం పంపించాడు. పంతొమ్మిదేళ్ళ ఆ కుర్రాడు హొయ్‌సాంగ్ అయిపోయి ఓడ దిగాడు. అలా వచ్చినవాళ్ళని కాగితం కొడుకులనేవారు. ఇప్పుడు ప్రభుత్వం, నిజం ఒప్పుకున్నవాళ్ళని వెనక్కి పంపం అంటోంది. అమ్మని తెచ్చుకోవాలంటే ముందు ఆవిడ తన అమ్మేనని ఒప్పుకోవాలి.

లోర్నా అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "అయితే మనం వాంగ్ కాదా?"

"కాదు."

"అంటే, రాంగా?"

ఆమె ఎందుకు నవ్విందో, ఆ వెంటనే ఎందుకు ఏడ్చిందో నాన్నకి అంతుబట్టలేదు. "ఎనిమిదేళ్ళ నుంచీ వాడు చెప్తోంది నిజమేనన్నమాట! అనవసరంగా కొట్టాను!" అంటూ గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది. "సరే. అసలు పేరేంటి?"

"ఙ్" అన్నాడు నాన్న.

"ఏంటి?"

"ఙ్."

"జలుబు చేసిందా నాన్నా?"

"అదేనే పేరు."

నోరు తెరవకుండా, నాలుక వెనక్కి లాగి, ముక్కులోంచి వదలాల్సిన పేరది. ఇంగ్లీషులో రాస్తే రెండే అక్షరాలు, వాటిలో ఒక్కటీ అచ్చు కాదు. లోర్నా మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి నిజంగానే దగ్గొచ్చింది.

"దీన్ని మా టీచరు ఎలా పిలుస్తుంది?"

"పిలవలేదు. ఇంక నీకు హాజరు బాధ తప్పింది" అంది అమ్మ, టీ వంపుతూ.

అప్పుడు వంటింటి తలుపు తోసుకుని తాత వచ్చాడు. "అయిందా చెప్పడం? మార్చుకోండి, మార్చుకోండి! నాకేం? వాంగులకి కరువొచ్చిందా? టెలిఫోన్ పుస్తకం తియ్యండి, పేజీలకి పేజీలు వాంగులే!" అనేసి, ఎవరూ ఏమీ అనకముందే మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

లోర్నా వెనకాలే వెళ్ళింది. సాయంత్రానికి ఒక బకెట్ దుంపలు చాలు. ముసలాయన రెండు బస్తాలు ఒలిచి పడేశాడు, మూడోది విప్పుతున్నాడు.

"తాతా, నువ్వు నాకేమవుతావు?"

"వంటవాణ్ణి."

"అది కాదు."

"కాగితం తాతని. రేపు గవర్నమెంటు ఆ కాగితం చించేస్తుంది. ఊరికే నిలబడకుండా ఓ కత్తి తీసుకో."

ఆమె ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కాసేపు ఇద్దరూ తొక్క తీశారు. తల ఎత్తకుండానే తాత చెప్పాడు. "వాడు పోయాడన్న ఉత్తరం నాకు చేరేసరికి ఏడాదిన్నర పట్టింది. యుద్ధం కదా. ఆ ఏడాదిన్నరా నా లెక్కన వాడు బతికే ఉన్నాడు. ఎదుగుతున్నాడు కూడా. వస్తాడని బూట్లు కొనిపెట్టా."

"ఆ బూట్లేమయ్యాయి?"

"మీ నాన్న దిగాక వాడికిచ్చా. పట్టలేదు. పెద్ద పాదాలు వెధవకి. వాంగ్ వాళ్ళ పాదాలు చిన్నగా, అందంగా ఉంటాయి." ముసలాయన తన చెప్పుల వైపు ఒకసారి చూసుకున్నాడు. "అయినా రోజూ ఒకసారి, హొయ్‌సాంగ్, దుంపలు తేరా అని కేకేస్తే, ఎవడో ఒకడు తెచ్చేవాడు. ఇప్పుడేమని కేకెయ్యాలి? ఙ్ అని అరవడం ఎలాగే? నోరు తెరిస్తే ఆ పేరు రాదు!"

ఆమెకి నవ్వొచ్చింది. పేరు కోసం కొట్టానంటే గుడ్డు బిళ్ళలు ఎందుకు పెట్టాడో అప్పుడర్థమైంది.

నవంబరులో రెజైనా నగరంలోని వలసల శాఖ ఆఫీసుకి వెళ్ళారు. తాతని రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా అందరికంటే ముందే టై కట్టుకుని ట్రక్కులో కూర్చున్నాడు. "వాణ్ణి జైల్లో పెడితే వంటెవడు చేస్తాడు అక్కడ?" అన్నాడు. నాన్న ఇంగ్లీషు కఫేకి సరిపోతుంది గానీ ప్రభుత్వానికి చాలదు. అందుకని లోర్నా బడి మానేసి ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి వెళ్ళింది.

ఆఫీసరు కుర్రవాడు, ఎర్రటి చెవులు, మర్యాదస్తుడు. భయపడొద్దని ముందే రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత, "మీరు పుట్టిన ఇంటి గురించి చెప్పండి" అన్నాడు.

నాన్న కుర్చీలోంచి లేచి, చేతులు పక్కలకి ఆనించి, బడిపిల్లాడిలా అందుకున్నాడు. "తూర్పు ముఖం ఇల్లు. గుమ్మానికి ఏడు మెట్లు. బావి ఎడమ పక్క, ముప్పై ఒక్క అడుగులు. కిటికీలు మూడు. కుక్క పేరు నల్లోడు."

లోర్నా పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరు రాసుకుంటున్నాడు. తాత నాన్న కోటు పట్టుకు లాగాడు. "ఒరేయ్, అది మా ఇల్లురా!"

నాన్నకి చెమటలు పట్టాయి. ఓడ ఎక్కేముందు, అడుగుతారేమోనని ఆరు నెలలు కూర్చుని బట్టీపట్టిన జవాబులవి. పంతొమ్మిదేళ్ళ వయసులో ఎక్కినవి ఇరవై ఒక్కేళ్ళయినా దిగలేదు. "క్షమించాలి. మా ఇంటికి, మా ఇంటికి మెట్లు..." అని గడ్డం గోక్కున్నాడు. "ఉన్నట్టున్నాయి."

"వీళ్ళింటికి మెట్లెక్కడివి? వానొస్తే నీళ్ళు తిన్నగా లోపలికే పోయేవి. మా ఊరంతా నవ్వేది" అన్నాడు తాత.

"నవ్వేవారా?"

"నవ్వరూ? బాతులు పొయ్యి దగ్గర ఈదుతుంటే!"

"మీ ఇంటి పైకప్పు సంగతి నేనెప్పుడైనా ఎత్తానా?"

"మా కప్పుకేమైందిరా?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆఫీసరు కలం పట్టుకుని ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూసి, "ఏమంటున్నారు?" అని లోర్నాని అడిగాడు.

"ఇంటి వివరాలు సరిచూసుకుంటున్నారండీ" అంది లోర్నా.

ఆమెకి చెవులు వేడెక్కాయి. అయితే ఆ ఆఫీసులో వీళ్ళిద్దరి మాటా తెలిసింది తనొక్కదానికే అన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. తను నోరు విప్పకపోతే ప్రభుత్వం పని ఒక్క అంగుళం కదలదు. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

రెండు గంటలు పట్టింది. చివరికి వాంగ్ హొయ్‌సాంగ్ పోయి ఙ్ బాక్‌చ్యూ మిగిలాడు. ఆఫీసరు ఇంకో కాగితం తీశాడు. "మీరు ఇక్కడే పుట్టారు కదా మిస్. మీ పేరు మార్చాలన్న నిర్బంధం ఏమీ లేదు. మీ నాన్నగారి పేరు కావాలంటే రాస్తాను, లేదంటే ఉన్నదే ఉంచుతాను. ఏం చెయ్యమంటారు?"

ట్రక్కులో వస్తూ ఆమె దీని గురించే ఆలోచించింది. రాంగ్ నంబర్ ఒక్క సంతకంతో వదిలిపోతుంది. ఆ రెండక్షరాల పేరుని వెక్కిరించాలంటే ముందు డ్వేన్‌కి అది పలకడం రావాలి. తలెత్తి చూసింది. తాత గోడ మీదున్న రాణిగారి పటాన్ని తదేకంగా చూస్తున్నాడు. ఇంతకుముందెప్పుడూ రాణిగారంటే ఆయనకి అంత ఆసక్తి లేదు. 

"వాంగ్ అనే ఉంచండి" అంది లోర్నా.

"నిజంగానేనా?"

"నోటు పుస్తకాలన్నిటి మీదా అదే రాసేశానండీ."

"ఏమందిరా?" అని తాత గోడతోనే అడిగాడు. నాన్న చెప్పాడు. ముసలాయన జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. "మొండిఘటం. ఎవరి పోలికో!" అన్నాడు.

మర్నాడు బడిలో ఆ సంగతి ఆమే బయటపెట్టింది. ఎవరో చెప్పగా వినేకంటే తన నోటితో చెప్పడమే నయమనుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర డ్వేన్ ఎదుట కూర్చుని, "నువ్వన్నదే కరెక్టు. మా పేరు రాంగే. ప్రభుత్వం ముద్ర కూడా వేసింది. అయినా దాన్నే ఉంచుకున్నా" అని మొత్తం చెప్పుకొచ్చింది. బాతుల సంగతితో సహా.

డ్వేన్ శాండ్‌విచ్ నమలడం ఆపేశాడు. చివరికి, "మాదీ పూర్తి పేరు కాదు. మా తాత ఉక్రెయిన్ నుంచి ఓడ దిగినప్పుడు ఇంకా పొడుగ్గా ఉండేదట. కాగితం మీద గడి చాలక అక్కడికి ఆపేశారు. మిగతాది ఎవరికీ గుర్తులేదు" అన్నాడు.

"మీ తాతకి కూడానా?"

"ఆయనకి గుర్తుంది. కానీ చెవుడు. ఏం అడిగినా ఆవుల గురించి చెప్తాడు."

ఆ తర్వాత వాడు రాంగ్ నంబర్ అనడం మానేశాడా అంటే, మానలేదు. కానీ వేరే బడి పిల్లాడెవడో ఆ మాటంటే మొదట లేచింది వాడే.

మే నెలలో నానమ్మ వచ్చింది. వారం రోజులుగా వాన, రైతులకి విత్తనాల పని లేదు. అందరూ సన్‌రైజ్ కఫేలోనే కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి నాన్న తలుపు తోసి పట్టుకున్నాడు. ఆయన మోచేతి కింద నుంచి ఒక ముసలావిడ లోపలికొచ్చింది. కౌంటరు కంటే రెండంగుళాలు ఎత్తు. ఒక చేతిలో బుట్ట, ఇంకో చేతిలో గొడుగు. గొడుగు మూయకుండానే హోటలంతా కలియజూసింది. తర్వాత కొడుకు తల వైపు తలెత్తి, "దార్లోనే అడుగుదామనుకున్నా. బట్టతల ఎప్పుడొచ్చిందిరా?" అంది.

తాత వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గరిటె.

"నువ్వేనా వాంగ్?"

"నేనే."

"ఇంత ముసలాడివా!"

"నువ్వు పడుచుపిల్లవి మరి!"

బల్లల దగ్గర ఫోర్కులు ఆగిపోయాయి. కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ లోర్నాకి వెనకటి సిగ్గు అరికాళ్ళ నుంచి పైకి పాకింది. ఇన్నాళ్ళూ ఇంట్లో తాతది ఒక్క గొంతే ఉండేది. ఇప్పుడు రెండయ్యాయి. రెండోది మొదటిదానికంటే పెద్దది.

నానమ్మ గొడుగు మూసింది. మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు, "మీ అబ్బాయి సమాధి వెదురు పొద వెనకుంది కదా. ఏటా వసంతంలో వెళ్ళి కలుపు తీసి, తుడిచి, ఏదో ఒకటి పెట్టి వచ్చేదాన్ని. హాంగ్‌కాంగ్ వెళ్ళిపోయాక మా తమ్ముడి కొడుకు చేత చేయించా. నా కొడుకు వాడి పేరు తొడుక్కుని తిరుగుతున్నాడాయె. అంత మాత్రం చెయ్యకపోతే ఎలా?" అంది.

తాత గరిటె కిందికి దించాడు. ఆ సమాధిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. 

"ఏం పెట్టేదానివి?"

"చిలగడదుంప. అప్పట్లో అదే ఉండేది."

"వాడికి చిలగడదుంపంటే గిట్టదు."

"ఎవరు చెప్పారు? మర్నాడు వెళ్ళి చూస్తే ఆకు ఖాళీగా ఉండేది."

"కాకులు తినుంటాయి!"

"నా కాకుల సంగతి నీకెందుకయ్యా?"

తాత నడుం గుడ్డ పైకెత్తి మొహం తుడుచుకున్నాడు. ఎంతకీ దించలేదు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేయబోతే, "ఉల్లిపాయలు రా, ఉల్లిపాయలు!" అని గుడ్డ లోంచే కసిరాడు. నానమ్మ బుట్ట నాన్న చేతికిచ్చి, ఆయన్ని తప్పించుకుని తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఒక గిన్నె మూత తీసిన చప్పుడైంది. "ఇదేంటి, ఇది సూపా? పశువులకా?" అన్న కేక వినబడింది. తాత మొహం మీది గుడ్డ ఊడిపడింది. గరిటె ఎత్తి పట్టుకుని లోపలికి పరుగెత్తాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర డ్వేన్ వాళ్ళ నాన్న మెడ సారించి చూస్తున్నాడు. "ఎవరు లోర్నా ఆవిడ?"

"మా నానమ్మ."

"ఓహో. అంటే, మీ తాత భార్యన్నమాట."

"కాదు. వాళ్ళిద్దరూ ఇప్పుడే మొదటిసారి కలిశారు."

 లోపల రెండు గొంతులూ ఒకేసారి లేస్తున్నాయి, గిన్నెలు మోగుతున్నాయి. బయట వాన తగ్గేటట్టు లేదు. ఆయన కప్పు ముందుకి జరిపి, కాఫీ నిండా పొయ్యమన్నాడు. లోర్నా పోసి, కెటిల్ బల్ల మీద పెట్టి, కథ మొత్తం చెప్పడానికి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.